గ్లాసులో పోసిన మైనము



ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరములలో సగానికి పైగా కొవ్వొత్తులను గురించినవే. క్రిస్మస్ దగ్గర పడుతున్నది గనుక ఇందులో వింత లేదు. కరెంటు పోయినప్పుడు వెలిగించే సన్నని తెల్ల కొవ్వొత్తికి పల్లెలలో కూడా గిరాకీ తగ్గిపోయింది. ఇన్వర్టరు ఉన్నవారికి ఇన్వర్టరు, లేనివారికి చార్జింగు లైటు ఉన్నది. అందుచేత మన స్త్రీల సమాజములవారు, పొదుపు సంఘములవారు గాజు గ్లాసులలో రంగు మైనము పోసి, కొంచెము సువాసన కలిపి, పండుగ కానుకలుగా అమ్మడము మొదలుపెట్టారు. ఇది మంచి ఆలోచనే. అయితే ఉత్తరములు వ్రాసినవారందరి మొర ఇంచుమించు ఒక్కటే. నడిమధ్య గుంట పడింది, గాజుకు అంటకుండా వదిలేసింది, పైన చెమట పట్టింది, వెలిగిస్తే నుయ్యి తవ్వినట్లు లోపలికి పోయి ఆరిపోయింది. చివరి మాట కూడా ఒక్కటే: "మైనము కల్తీది, దుకాణమువాడు మోసము చేశాడు. మంచి మైనము ఎక్కడ దొరుకుతుందో తెలుపగలరు."

మేము అడిగేది ఒకటి. ఆ మైనమును పారవేయకండి, దాని కోసము మరొక అప్పు చేయకండి. మేము చూసినంతలో పదింట తొమ్మిది సార్లు మైనములో ఏ దోషమూ లేదు. దానిని కరిగించిన తీరు, చల్లార్చిన తీరు, అందులో నిలబెట్టిన వత్తి, ఈ మూడింటిలోనే చిక్కు ఉన్నది.

అసలు సంగతి ఏమిటంటే, మనలో చాలామంది నేర్చుకున్నది అచ్చు కొవ్వొత్తులు. డ్వాక్రా శిక్షణలో గాని, ఏదో ఒక చేతిపనుల శిబిరములో గాని అల్యూమినియం అచ్చులో మైనము పోసి, చల్లారిన తరువాత బయటకు లాగడము నేర్పారు. ఆ అలవాట్లనే గ్లాసుకు తెచ్చాము. మైనము కరిగి ఉన్నప్పుడు ఎక్కువ చోటు తీసుకుంటుంది, గడ్డకట్టేటప్పుడు ముడుచుకుంటుంది. పారఫిన్ మైనము సుమారు పదో వంతు, ఒక్కొక్కసారి అంతకంటే ఎక్కువే తగ్గిపోతుంది. అచ్చులో ఈ ముడుచుకోవడము మనకు స్నేహితుడు. అచ్చు గోడను వదిలి ఇవతలికి వస్తేనే గదా కొవ్వొత్తి ఊడి వచ్చేది! గ్లాసులో అదే మనకు శత్రువు. అక్కడ మైనము గాజును పట్టుకొని ఉండాలి. అచ్చు పనికి మేలు చేసే ప్రతి ఉపాయమూ గ్లాసు పనికి కీడే చేస్తుంది.

ఉదాహరణకు స్టియరిక్ యాసిడ్. అచ్చు కొవ్వొత్తికి దానిని కలపమని నేర్పుతారు. అది మైనమును గట్టిపరచి, తెల్లగా చేసి, అచ్చు నుండి తేలికగా విడిపిస్తుంది. గ్లాసులో పోసే మైనములో అది వద్దు. అలాగే అచ్చును నీళ్ళ తొట్టిలో పెట్టి త్వరగా చల్లార్చడము. గ్లాసును అలా చేస్తే మైనము గాజును వదిలేయడమే గాక బీటలు వారుతుంది, ఒక్కొక్కసారి గాజే పగులుతుంది.

మైనము రకము కూడా చూడాలి. బజారులో పలకలుగా దొరికే పారఫిన్ మైనమును అది కరిగే వేడిని బట్టి అమ్ముతారు. సాధారణముగా మనకు ఇచ్చేది 58 - 60 డిగ్రీల రకము. అది అచ్చులకు సరిపోయిన మైనము. గ్లాసుకు అంతకంటే మెత్తనిది, 50 - 55 డిగ్రీల దగ్గర కరిగేది అనుకూలము. పెద్ద పట్టణములలో కొవ్వొత్తుల సామాను అమ్మే దుకాణములలో గ్లాసుకు అని అడిగితే ఇస్తారు. దొరకకపోతే గట్టి మైనములోనే వాసన లేని తెల్ల వ్యాజిలిన్ కిలోకు 50 గ్రాముల చొప్పున కలిపి చూడండి. అది మైనమును మెత్తబరచి గాజును అంటిపెట్టుకొనేటట్లు చేస్తుంది. కొందరు కొబ్బరి నూనె పోస్తున్నారని వ్రాశారు. కొబ్బరి నూనె 24 డిగ్రీలకే కరిగిపోతుందని మరువవద్దు. డిసెంబరులో బాగానే కనబడిన గ్లాసు ఏప్రిల్ నాటికి పైన జావగా మారుతుంది.

ఇప్పుడు ఆ నడిమి గుంట. గ్లాసు అంచుల వద్ద, పైభాగమున మైనము ముందుగా గడ్డకడుతుంది. వత్తి చుట్టూ ఉన్నది చివరకు గడ్డకడుతుంది. ఆ చివరి భాగము ముడుచుకొనేటప్పుడు దానికి చోటు పూడ్చే మైనము మిగలదు. కాబట్టి గుంట పడుతుంది, లేదా పైకి నున్నగా కనబడి లోపల బొరియ ఉంటుంది. ఈ రెండవది ఎక్కువ చెడ్డది. వెలుగుతూ వెలుగుతూ అక్కడికి వచ్చేసరికి కరిగిన మైనమంతా బొరియలోనికి దిగిపోయి వత్తి ఒంటరిగా నిలబడుతుంది. దీనికి మందు తేలికైనదే. గ్లాసుకు పోసేటప్పుడు అంతా పోయకుండా పదో వంతు గిన్నెలో మిగుల్చుకోండి. పైన మీగడ కట్టినట్లు కాగానే ఒక సన్నని పుల్లతో వత్తి చుట్టూ మూడు నాలుగు చోట్ల లోతుగా పొడవండి. పూర్తిగా చల్లారిన తరువాత మిగిల్చిన మైనమును మొదటిసారి కంటే ఐదు డిగ్రీలు ఎక్కువ వేడిగా చేసి, పైన పలుచగా పోయండి. మొదటి మట్టమును దాటి ఎక్కువ పోస్తే గాజుకు మైనముకు మధ్య దిగి మరకలు చేస్తుంది.

మా పాస్టరేటులోని ఒక గ్రామములో భర్త లేని సహోదరి ఒకామె పొదుపు సంఘములో అప్పు తీసుకొని ఈ పని పెట్టుకున్నది. పట్టణములో ఒక దుకాణదారుడు అరవై గ్లాసులు తీసుకొని, పండుగ కాకముందే నలభై తిప్పి పంపాడు. ఆయనను తప్పు పట్టలేము. కొన్నవారు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి పోయారు. ఆమె మాత్రము మైనము చెడ్డదని నమ్మి, ఖరీదైన మైనము కొనడానికి రెండవ అప్పుకు సంతకము పెట్టబోతున్నది. ఇద్దరు పిల్లల చదువు ఆ చేతి పని మీదనే నడుస్తున్నది గనుక ఆమె తొందర మాకు అర్థమయ్యింది. పాస్టరమ్మగారు, స్త్రీల సమాజము నుండి మరొక ఇద్దరు కలిసి ఆమె ఇంట కూర్చున్నారు. మేము పక్కన నోటు పుస్తకము పట్టుకొని వ్రాశాము. ఆమె ఎప్పుడూ చేసే విధముగా ఒక గ్లాసు. స్టియరిక్ యాసిడ్ మానివేసి ఒకటి. అది మానివేసి, గ్లాసును ముందుగా వెచ్చచేసి, నిదానముగా చల్లార్చి ఒకటి. ఇవన్నీ చేసి, పుల్లతో పొడిచి రెండవసారి పోసి మరొకటి. ఒక్కొక్క గ్లాసుకు ఒక్కొక్క మార్పు మాత్రమే చేశాము. మూడు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పని చేసిందో తెలియదు.

తెల్లవారి చూస్తే మొదటిది గుంట పడి, గాజును వదిలి, పక్కన బీట వారి ఉన్నది. నాలుగవది అద్దములా ఉన్నది. నాలుగింటికీ మైనము ఒకే పలక నుండి కోసినదే. ఆమె చాలాసేపు ఆ రెండు గ్లాసులను పక్కపక్కన పెట్టి చూసింది. రెండవ అప్పు అవసరము లేకపోయింది. మొదటిది ఇంకా నెలనెలా తీరుస్తూనే ఉన్నది.

తిరిగి వచ్చిన నలభై గ్లాసుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అటువంటివాటిని పెంటకుప్ప మీద వేస్తున్నారు. మైనము చెడిపోయే వస్తువు కాదు. గ్లాసును గోరువెచ్చని నీళ్ళలో నిలబెట్టి, ఆ నీటిని నెమ్మదిగా వేడి చేస్తే మైనము కరిగిపోతుంది. దానిని ఒంపి, పాత నూలుగుడ్డలో వడపోసి దాచుకోవచ్చు. ఆమె మైనములో స్టియరిక్ యాసిడ్ ఉన్నది గనుక దానిని మళ్ళీ గ్లాసులకు వాడనీయలేదు. అచ్చులలో పోసి, క్రిస్మస్ రాత్రి ఆరాధనలో సంఘమంతా చేత పట్టుకొనే కొవ్వొత్తులుగా చేయించి, సంఘము తరఫున వెల ఇచ్చి తీసుకున్నాము.

ఇక కరిగించడము. మైనమును నేరుగా పొయ్యి మీద పెట్టవద్దు. పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి, అందులో మైనపు గిన్నె పెట్టి కరిగించండి. నీరు వంద డిగ్రీలు దాటదు గనుక మైనమూ దాటదు. నేరుగా మంట మీద పెడితే వేడికి అంతు ఉండదు. పొగ లేస్తుంది, ఆ పైన ఆవిరి అంటుకుంటుంది. అంటుకుంటే ఎవరూ నీళ్ళు పోయకూడదు. ఈ మాట ఇంట్లో చిన్నపిల్లలకు కూడా చెప్పి ఉంచండి. మండే మైనము మీద నీరు పడితే అది ఒక్కసారిగా ఆవిరై మండే మైనమును ఇంటి కప్పు దాకా చిమ్ముతుంది. తాటాకు ఇళ్ళలో ఉండేవారికి ఇంతకంటే వివరించనక్కరలేదు. పొయ్యి ఆర్పి, గిన్నె మీద మూత వేయండి. గిన్నెకు సరిపోయే మూతను కరిగించడము మొదలుపెట్టకముందే పక్కన పెట్టుకోండి. చేతి మీద వేడి మైనము పడితే వెంటనే పెరకవద్దు. ఇరవై నిమిషములు చల్లని నీళ్ళ ధార కింద ఉంచండి.

ఒక సహోదరి జ్వరము చూసే థర్మామీటరు పెట్టవచ్చునా అని అడిగారు. అది 42 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మైనములో పెడితే పగులుతుంది. స్కూలు సైన్సు సామాను అమ్మే చోట 110 డిగ్రీల వరకు చూపే థర్మామీటరు దొరుకుతుంది. ఈ పనికి ఏదైనా ఒక్కటే కొనగలిగితే దానినే కొనమని మేము చెబుతాము. పారఫిన్ మైనమును 80 డిగ్రీల వరకు కరిగించి, 65 - 75 మధ్యకు దిగిన తరువాత పోయాలి. మరీ వేడిగా పోస్తే ముడత ఎక్కువ. మరీ చల్లగా పోస్తే పైన గరుకు, పక్కన పొరలు పొరలు. పోసేటప్పుడు గ్లాసును కొంచెము వంచి, గోడ వెంబడి నిదానముగా పోస్తే బుడగలు రావు. మైనపు గిన్నెలోనికి కింద నీరు ఒక్క చుక్క కూడా చిందకూడదు. వెలిగేటప్పుడు చిటపటలాడి నిప్పు రవ్వలు లేచేది ఆ చుక్క వలననే.

గాజును వదిలేసిన చోట తడి మరకల వలె కనబడే మచ్చలకు కారణము ఎక్కువగా చల్లని గ్లాసు లేక జిడ్డు గ్లాసు. సబ్బుతో కడిగి, బాగా ఆరబెట్టి, ఎండలో గాని వెచ్చని చోట గాని ఉంచి పోయండి. పోసిన తరువాత పైన అట్టపెట్టె బోర్లించి రాత్రంతా ఫ్యాను గాలి తగలకుండా ఉంచండి. ఇంత చేసినా చలి తగిలిన రోజున కొన్ని మచ్చలు వస్తాయి. అవి కంటికే గాని వెలుగుకు అడ్డము కావు. దాని కోసము నిద్ర మానుకోవద్దు.

పైన చెమట పట్టడము వేరు. అది సువాసన నూనె ఎక్కువైన గుర్తు. మైనము కొంతవరకే నూనెను పట్టి ఉంచుతుంది. పారఫిన్ అయితే కిలోకు 30 నుండి 60 గ్రాములు. ఎక్కువ పోస్తే ఎక్కువ వాసన రాదు, మిగిలినది పైకి తేలుతుంది, అంటుకుంటే పెద్ద మంట అవుతుంది. బట్టలకు చల్లుకొనే సెంటులో స్పిరిటు ఉంటుంది. దానిని వేడి మైనములో పోయడము ప్రాణముతో చెలగాటము. రంగు కూడా అలాగే. మిఠాయి రంగు నీటిలో కరిగేదే గాని మైనములో కరగదు, అడుగున చుక్కలై నిలుస్తుంది. రంగోళీ పొడి, పిల్లల క్రేయాన్లు వత్తిలోనికి దూరి దాని నోరు మూసివేస్తాయి. కొవ్వొత్తుల రంగు అని అడిగి కొనండి. చిటికెడు చాలు.

ఈ మధ్య సోయా మైనము వాడేవారు కూడా వ్రాస్తున్నారు. దాని మీద మంచు పట్టినట్లు తెల్లని పొర వస్తున్నదనీ, బూజు అనుకొని భయపడుతున్నామనీ అంటున్నారు. అది బూజు కాదు. చెట్టు నూనెల నుండి చేసిన మైనము నెమ్మదిగా పలుకులు కట్టడము దాని స్వభావము. రంగు వేయకపోతే అది కనబడదు. సోయా మైనమును పారఫిన్ కంటే చల్లగా, 50 - 60 డిగ్రీల దగ్గర పోస్తే తగ్గుతుంది, పూర్తిగా పోదు. మా మట్టుకు, పల్లెలో మొదలుపెట్టేవారికి పారఫిన్ చాలు. దొరకడము తేలిక, తప్పు తెలుసుకోవడము తేలిక.

వత్తిని చివరకు ఉంచాము గాని ఎక్కువ ఫిర్యాదులకు మూలము అదే. మైకేల్ ఫారడే అనే శాస్త్రజ్ఞుని పేరు పిల్లల పాఠములలో చూసే ఉంటారు. కమ్మరివాని కుమారుడు, పుస్తకములు కుట్టే దుకాణములో పని నేర్చినవాడు, శాండెమానియన్ అనే చిన్న ప్రొటెస్టెంట్ సంఘములో పెద్దగా ఉన్నవాడు. 1860లో క్రిస్మస్ సెలవులలో లండన్ రాయల్ ఇన్స్టిట్యూషన్‌లో చిన్నవారి కోసము కొవ్వొత్తిని గురించే ఆరు ప్రసంగములు మొదలుపెట్టాడు. అందులో ఆయన చూపిన ఒక సంగతి మనకు పనికివస్తుంది. విడి కొవ్వొత్తి వెలిగేటప్పుడు దాని పక్కల నుండి పైకి పోయే గాలి అంచును చల్లగా ఉంచుతుంది. అందుచేత మధ్యలో మైనము కరిగి, చుట్టూ గట్టు నిలిచి, గిన్నె వలె ఏర్పడుతుంది. కరిగిన మైనము ఆ గిన్నెలో నుండి వత్తి గుండా పైకి ఎక్కి మండుతుంది.

గ్లాసు కొవ్వొత్తికి ఆ పక్క గాలి లేదు. గిన్నెగా గాజే ఉన్నది. గాలి అంతా పైనుండి దిగాలి, పొగ అంతా పైకే పోవాలి. అందుకే మూతి సన్నని సీసాలు పనికిరావు. సగము కాలేసరికి గాలి చాలక మసి పడతాయి. విడి కొవ్వొత్తికి గట్టు మిగలాలి. గ్లాసులో మాత్రము మైనము అంచు వరకు కరగాలి. కాబట్టి సన్నని కొవ్వొత్తికి వాడే వత్తినే గ్లాసులో నిలబెడితే మంట చాలక నడుమ నుయ్యి తవ్వుతూ దిగి, తన మైనములో తానే మునిగి ఆరిపోతుంది. పైన చెప్పిన సహోదరి నాలుగవ గ్లాసు కూడా అలాగే ఆరిపోయింది. వత్తి మార్చిన తరువాతనే నిలిచింది. దీపమునకు చేసే దూది వత్తి వద్దు. అల్లిన నూలు వత్తి, అడుగున రేకు బిళ్ళ ఉన్నది కొనండి. వేడి మైనములో ముంచి, బుడగలు రావడము ఆగేవరకు ఉంచి, తీసి నిటారుగా ఆరబెట్టి వాడండి.

సరిపోయిన వత్తిని మాటలతో చెప్పలేము, వెలిగించి చూడవలసిందే. గ్లాసు వెడల్పు అంగుళమునకు ఒక గంట చొప్పున వెలగనివ్వండి. అప్పటికి కరిగిన మైనము అంచును తాకితే సరియైన వత్తి. తాకకపోతే కొంచెము లావుది కావాలి. మంట ఎగిసిపడి, గాజు మూతికి మసి పట్టి, వత్తి కొనకు పుట్టగొడుగు వంటి బొడిపె కడితే వత్తి ఎక్కువ లావు, లేదా ఎక్కువ పొడవు. పావు అంగుళముకు కత్తిరించి మళ్ళీ చూడండి. రకమునకు ఒకటి చొప్పున ఇలా చివరి దాకా కాల్చి చూడకుండా అమ్మకానికి పెట్టవద్దు. ఒక గ్లాసు ఖర్చే గదా అనుకోండి. మీరు చేసినది వేరొకరి ఇంట, బహుశా పిల్లలు నిద్రపోయే గదిలో వెలుగుతుంది.

గాజు దళసరిగా ఉండాలి. పలుచని టీ గ్లాసులు, పగులు గీత ఉన్నవి, ప్లాస్టిక్‌వి, కొబ్బరి చిప్పలు వద్దు. మట్టి పాత్ర అయితే మైనమును పీల్చుకొని బయటకు చెమర్చుతుంది. లోపల వార్నిషు వేస్తామని కొందరు అంటున్నారు, అది మండేది గనుక మేము వద్దంటాము.

మిగిలిన మైనమును తూములో పోయకండి, గట్టిపడి నీరు పోనీయదు. పాత డబ్బాలో పోసి దాచండి. ప్రతి గ్లాసు అడుగున ఒక చిన్న కాగితము అంటించి, చేతితోనైనా సరే తెలుగులో ఇలా వ్రాయండి: "మొదటిసారి అంచు వరకు కరిగేదాకా వెలిగించండి. వెలిగించే ముందు వత్తిని పావు అంగుళముకు కత్తిరించండి. తెరలకు, పిల్లలకు దూరముగా పళ్ళెములో పెట్టండి. అడుగున అర అంగుళము మైనము మిగలగానే ఆర్పివేయండి."